నడిమి గొంతు

ఓజుర్గెతిలో వాన పడని రోజు
జనం ఆకాశాన్ని అనుమానంగా చూస్తారు.
ఆ రోజు పడింది.
పద్నాలుగు టేపు చుట్టలు
మొక్కజొన్న పిండి సంచిలో వేసుకుని
ఇజోల్దా మా మెట్లెక్కింది, మోకాళ్లని తిట్టుకుంటూ.
"తమ్ముడివి. మంచం కింద దొరికాయి.
ఎలుకలు ముట్టలేదు. వాటికీ నచ్చినట్టు లేదు."

మూతపడ్డ తేయాకు ఫ్యాక్టరీలో
తూకం గుమాస్తా గది మా స్టూడియో.
తలుపు మీద ఇంకా ఉంది ఆ రాత:
తడి ఆకు తీసుకోబడదు.

మొదటి చుట్ట తిప్పాను.
ముందు కుర్చీ కిర్రుమంది. తర్వాత దగ్గు.
తర్వాత ఎల్గుజా,
కింది గొంతు, బావిలో బిందె మునిగినట్టు.
రెండో ట్రాకులో మళ్ళీ తనే, పై గొంతు,
పిచ్చెక్కిన కోడిపుంజు తెల్లారడాన్ని తిట్టినట్టు.
మూడో ట్రాకులో
రేకుల మీద వాన.
పద్నాలుగు చుట్టల్లోనూ అంతే.

ఇక్కడి పాటకి ముగ్గురు కావాలి.
ఒకడు నేల, ఒకడు పిట్ట.
మధ్యవాణ్ణి "చెప్పేవాడు" అంటారు,
మాటలన్నీ అతని మీదే నడుస్తాయి.
ఎల్గుజా చెప్పకుండా పోయాడు.

త్బిలిసి నుంచి కంపెనీ మనిషి వచ్చాడు,
పల్చటి బూట్లు, బురద మీద కోపం.
"యంత్రానికి ఇరవై నిమిషాల గొంతు చాలు.
ఆయన పాడనిదీ ఆయనే పాడతాడు.
వెనక వయొలిన్లు వేద్దాం. దగ్గు తీసేద్దాం."
ఇజోల్దా అడిగింది:
"నా దగ్గర తీసుకున్న అప్పు కూడా
వాడే తీరుస్తాడా, ఆ యంత్రంలోంచి?"

నేనేం తక్కువ తినలేదు.
ఆ రాత్రి ఒక్కదాన్నే కూర్చుని ఒక దగ్గు కత్తిరించాను.
పాట శుభ్రంగా వినబడింది,
ఆస్పత్రిలో మార్చిన దుప్పటిలా.
తెల్లారేలోగా మళ్ళీ అతికించాను.

ఆ ఖాళీ ఎవరిదో ఊరందరికీ తెలుసు.
బిచికోది.
ముప్పై ఏళ్ళు గొంతు కలిపి పాడారు,
పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు.
హేజెల్ కాయల బస్తా గురించి అంటారు,
ఒక పెళ్ళిలో ఎవరు ముందు తాగారన్నది అంటారు.
కబురు పెట్టాను.
వస్తాడు, వింటాడు, ఏడుస్తూ పాడతాడు,
అట్ట మీద ఏం రాయాలో కూడా అనుకుని ఉంచాను.

వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.
ఒకచోట పెదవులు కదిలాయి,
చప్పుడు రాలేదు.

"నాకోసం చోటు ఉంచాడంటున్నారట.
ఉంచలేదు.
వాడికి మాటలు గుర్తుండేవి కావు.
ఎప్పుడూ నా నోటికేసి చూస్తూ పాడేవాడు."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.
"నాలుగో చుట్టలో పై గొంతు జారింది.
అప్పటికే ఊపిరి లేదు వాడికి.
నాకెవరూ చెప్పలేదు."

ఇజోల్దాని అడిగాను, బయటికి వదలొచ్చా అని.
"వాడు ఇమ్మనలేదు. వద్దనీ అనలేదు.
పోయేవాళ్ళు అన్నీ చెప్పి పోతారా?"
అని, సంచి దులిపి మడతపెట్టుకుంది.
పిండి నా బల్లంతా పడింది.

మూడు వందల ప్రతులు వేశాం.
దగ్గుతో, కుర్చీతో, వానతో.
అట్ట మీద ఏమీ రాయలేదు.

చలికాలంలో ఒక పొద్దున, రొట్టెల కొట్టు దగ్గర వరస.
మట్టిపొయ్యి గోడకి పిండి చరుస్తూ
ఆ పిల్ల పాడుతోంది, రేడియోలో ఎల్గుజాకి మధ్యన,
ఎక్కడో విన్న మాటలు, రానిచోట లాలీలు.
నా ముందు బిచికో.
"తప్పు," అన్నాడు చిల్లర లెక్కపెడుతూ.
ఆ పిల్ల వినిపించుకోలేదు.
ఇంకోసారి అన్నాడు, కాస్త గట్టిగా,
ఈసారి రాగంలో.

రొట్టె చేతికొచ్చింది.
వెనక ఐదుగురం తడుస్తున్నాం.
జరగడే.